కార్లు కనబడని సున్నపురాయి పీఠభూమి మీద ఐదు రోజుల సైకిల్ యాత్ర: ఫ్రాన్స్‌లోని కెర్సీకి పూర్తి గైడ్

ముందే ఒక సంగతి చెప్పేస్తాను, లేకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. "ట్రాఫిక్ లేని సైకిల్ యాత్ర" అనగానే చాలామందికి పాత రైలు పట్టాలు తీసేసి వేసిన నున్నటి సైకిల్ దారి కళ్ళ ముందు కదులుతుంది. యూరప్‌లో అలాంటివి బోలెడున్నాయి, కానీ ఇది అలాంటిది కాదు. ఇక్కడ మనం తొక్కేది మామూలు తారు రోడ్ల మీదే, కాకపోతే ఆ రోడ్ల మీదికి కార్లు రావు. గంటకు రెండో మూడో వస్తాయి, వాటిలో ఒకటి ట్రాక్టరు. దారిని, వేళను సరిగ్గా ఎంచుకోవడం వస్తే రోజంతా మీ చెయిన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. ఈ గైడంతా ఆ ఎంచుకోవడం గురించే.

చోటు ఎక్కడంటే నైరుతి ఫ్రాన్స్‌లో, తులూజ్‌కి ఉత్తరంగా, లోట్ అనే జిల్లాలో. అక్కడి సున్నపురాయి పీఠభూమిని కోస్ అంటారు, మొత్తం కలిపి కోస్ ద్యు కెర్సీ. నదులు దీన్ని నాలుగు ముక్కలుగా కోశాయి. ఉత్తరాన మార్తెల్ కోస్, దోర్దోన్య నది దాటితే గ్రామా కోస్, సెలే నది దాటితే సాన్-షెల్ కోస్, లోట్ నది కూడా దాటితే లిమోన్య కోస్. పైన ఎత్తు 300, 400 మీటర్లు, లోయల్లో 150 దాకా. అంటే పైన ఉన్నంతసేపూ పెద్ద కష్టం ఉండదు, లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాల్సి వచ్చినప్పుడే కాళ్ళు అరుస్తాయి. దిగే ముందు ఎక్కడం గుర్తుంచుకోండి.

కార్లు ఎందుకు లేవో తెలిస్తే దారి వేసుకోవడం సగం వచ్చినట్టే. సున్నపురాయి నీళ్ళను పైన నిలవనివ్వదు. వాన పడగానే పగుళ్ళలోంచి కిందికి జారిపోతుంది. బెలుం గుహలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, అక్కడా ఇదే పని, నీళ్ళు వందల వేల ఏళ్ళు రాయిని తొలుచుకుంటూ పోవడం. గ్రామా అనే ఊరికి దగ్గర్లో పదిరాక్ అనే పెద్ద బిలం ఉంది, దాని అడుగున 103 మీటర్ల లోతులో ఒక నది పారుతుంది, పడవలో తిప్పుతారు. పైన మాత్రం ఒక వాగు ఉండదు, చెరువు ఉండదు. నీళ్ళు లేని చోట పెద్ద ఊళ్ళు పెరగలేదు. 1870ల చివర్లో ఫిలాక్సెరా పురుగు వచ్చి ద్రాక్షతోటల్ని తినేశాక ఉన్న జనం కూడా వలస పోయారు. మిగిలినవి గొర్రెలు, పొట్టి ఓక్ చెట్లు, రాతి గోడలు, మధ్యయుగంలో కట్టినవి కట్టినట్టే ఉన్న ఊళ్ళు. కొత్తగా కట్టడానికి డబ్బూ మనుషులూ లేక అవి అలా మిగిలాయి గానీ ఎవరో భద్రంగా కాపాడారని కాదు, కనీసం మొదట్లో కాదు. 1999 నుంచి ఇది రీజనల్ నేచర్ పార్క్, 2017 నుంచి యునెస్కో గ్లోబల్ జియోపార్క్.

కాబట్టి సూత్రం ఇది: నీళ్ళు, కార్లు, హోటళ్ళు లోయల్లో ఉంటాయి, పైన మూడూ ఉండవు.

ఎప్పుడు వెళ్ళాలి

మే మధ్య నుంచి జూన్ చివరిదాకా, లేదా సెప్టెంబర్. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, దారి తప్పినా టెన్షన్ ఉండదు. జులై, ఆగస్టుల్లో ఫ్రాన్స్ మొత్తం సెలవుల మీద ఇటే దిగుతుంది, పైగా 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మనం రాయలసీమ ఎండలు చూసినవాళ్ళం, ఇదేం లెక్క అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ తెల్లటి రాయి కింద నుంచి కొట్టే వేడి వేరు, నీడనిచ్చే చెట్టు మనిషంత ఎత్తు కూడా లేకపోతే ఆ బాధ వేరు. సెప్టెంబర్ నుంచి వేట మొదలవుతుంది, ఆదివారాలు తుపాకీ చప్పుళ్ళు వినిపిస్తాయి. అప్పుడు వెళితే ఆరెంజ్ జాకెట్ వేసుకోండి, మట్టిదారులు వదిలేసి రోడ్డు మీదే ఉండండి.

సైకిల్‌తో అక్కడికి చేరడం

నేను చెప్పే దారి గ్రామా స్టేషన్‌లో మొదలై కాఓర్ స్టేషన్‌లో ముగుస్తుంది. పారిస్ నుంచి వచ్చేవాళ్ళు తులూజ్ వెళ్ళే ఇంటర్‌సిటీ రైలెక్కి బ్రీవ్‌లో దిగి, అక్కడ చిన్న రీజనల్ రైలు పట్టుకుంటే గ్రామా వస్తుంది. తులూజ్ నుంచైతే ఫిజాక్ మీదుగా రావచ్చు. రీజనల్ రైళ్ళలో సైకిల్‌కి టికెట్ అడగరు గానీ సైకిల్ తగిలించే కొక్కేలు కొన్నే ఉంటాయి, నిండిపోతే గార్డు తర్వాతి రైలుకి రమ్మంటాడు, ఆ తర్వాతి రైలు సాయంత్రం ఉండొచ్చు. ఇంటర్‌సిటీకి మాత్రం సైకిల్ చోటు కూడా ముందే రిజర్వ్ చేసుకుని తీరాలి. మనిషికి టికెట్ ఉందిగా, సైకిల్ సంగతి అక్కడ చూద్దాం అనుకుంటే ప్లాట్‌ఫామ్ మీదే మిగిలిపోతారు.

సైకిల్ ఎలాంటిది

ఖరీదైనదేం అక్కర్లేదు. రెండే పట్టుదలలు. ఒకటి, టైరు 35 మిల్లీమీటర్లకు తగ్గొద్దు, 40 అయితే ఇంకా సుఖం. మొదటిసారి ఒక అద్దె షాపులో సన్నటి టైర్ల సైకిల్ అంటగట్టారు, "రోడ్డు బాగుంటుంది" అన్నారు. రోడ్డు బాగానే ఉంది, కానీ రోడ్డు అయిపోయి రాళ్ళ బాట మొదలయ్యాక ఒకే మధ్యాహ్నం మూడు పంక్చర్లు. ఆ రాళ్ళు మన తాండూరు నాపరాయి ముక్కల్లా అంచులు పదునుగా ఉంటాయి, తడిస్తే సబ్బులా జారతాయి. రెండోది గేర్లు. ముందు చిన్న పళ్ళ చక్రం, వెనకాల పెద్ద పళ్ళ చక్రం సమానంగా ఉండాలి, అంటే ముందు 34 ఉంటే వెనక 34. లోయలోంచి పైకి రావడమంటే మూడు నాలుగు కిలోమీటర్లలో 200 మీటర్లు ఎక్కడం, సామానుతో. బలం చూపించుకోవడానికి కాదు కదా వచ్చింది.

సామాను తక్కువ పెట్టుకోండి, రెండు వెనక బ్యాగులు చాలు. చీకటి పడ్డాక ఊరి బయట తొక్కేవాళ్ళు మెరిసే జాకెట్ వేసుకోవాలని అక్కడి చట్టం, లైట్లు ఎలాగూ తప్పనిసరి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ కూడా చట్టమే.

మ్యాప్ చదవడం, అసలు విద్య ఇదే

ఫోన్‌లో "సైకిల్ రూట్" అని కొడితే వచ్చే దారిని నమ్మకండి. అది దగ్గర దారి వెతుకుతుంది, మనకు కావాల్సింది ఎవరికీ అక్కర్లేని దారి. కాగితం మీద మిషెలిన్ మ్యాప్ ఒకటి కొనుక్కోండి. అందులో ఎర్ర రోడ్లు పెద్దవి, పసుపువి మధ్యరకం, తెల్లవి చిన్నవి. మీ బతుకంతా తెల్ల రోడ్ల మీదే. పసుపు రోడ్డుని అడ్డంగా దాటండి, తప్పకపోతే ఒకటి రెండు కిలోమీటర్లు తొక్కండి, అంతే. పక్కన ఆకుపచ్చ గీత ఉన్న రోడ్లు అందమైనవని అర్థం, అందుకే వాటి మీదికి కారవాన్లు కూడా వస్తాయి, ఆశపడకండి.

తప్పించుకోవాల్సినవి పేర్లతో చెబుతాను, డి అంటే జిల్లా రోడ్డు. డి820 ఉత్తర దక్షిణాలుగా పోయే పాత హైవే. డి840 ఫిజాక్ నుంచి గ్రామా వైపు. డి653 కాఓర్ నుంచి ఫిజాక్‌కి పీఠభూమి మీదుగా. డి911 కాఓర్ నుంచి లిమోన్య మీదుగా తూర్పుకి. వీటి మీద లారీలుంటాయి. లోట్ లోయలో ఉత్తరపు ఒడ్డున పోయే డి662 చూడ్డానికి బాగుంటుంది కానీ వేసవిలో బళ్ళు ఎక్కువ. సెలే లోయలో ఉన్న డి41 ఒక్కటే మినహాయింపు, అది పసుపు రోడ్డే అయినా జూన్‌లో ఉదయం పూట ఖాళీగా ఉంటుంది.

ఇంకో చిట్కా, ఇది మ్యాప్‌లో ఉండదు. ఫ్రాన్స్‌లో పన్నెండు నుంచి రెండు దాకా భోజనం. ఆ రెండు గంటలూ దేశం కూర్చుని తింటుంది, రోడ్లు ఊడ్చినట్టు ఖాళీ. తప్పనిసరిగా ఏ పెద్ద రోడ్డయినా తొక్కాల్సి ఉంటే పన్నెండున్నరకి తొక్కండి. మనం తినడం పదకొండున్నరకే ఏ చర్చి మెట్ల మీదో అయిపోవాలి.

నీళ్ళు

పైన చెప్పిన కథ ఇక్కడ పనికొస్తుంది. పీఠభూమి మీద 25 కిలోమీటర్లు షాపు లేకుండా, పంపు లేకుండా పోవచ్చు. మూడు లీటర్లు మోయండి, బరువని చూసుకోవద్దు. రెండోసారి వెళ్ళినప్పుడు కనియాక్ అనే ఊరి దగ్గర నా సీసాలు ఖాళీ అయ్యాయి, మ్యాప్‌లో చుట్టూ నీలి చుక్కలు కనిపిస్తున్నాయి కదా అని ధైర్యంగా పోయాను. తీరా చూస్తే అవి గొర్రెల కోసం బండలో తొలిచిన చిన్న గుంటలు, పైన పచ్చటి నాచు. ఫ్రాంకుల చక్రవర్తి షార్లెమాన్ సైన్యంలో పనిచేసి సన్యాసం పుచ్చుకున్న నాంఫేజ్ అనే సాధువు వీటిని స్వయంగా తవ్వాడని అక్కడి కథ, వాటి పేరే సాన్ నాంఫేజ్ చెరువులు. పుణ్యాత్ముడే, కానీ నాకు తాగడానికి పనికిరాలేదు.

ఆ రోజు నన్ను కాపాడింది శ్మశానం. నిజంగానే. ఫ్రాన్స్‌లో ప్రతి ఊరికీ గోడ కట్టిన శ్మశానం ఉంటుంది, సమాధుల మీద పూలకి నీళ్ళు పోయడానికి లోపల కుళాయి ఉంటుంది. ఎక్కువచోట్ల అది ఊరి మంచినీళ్ళే. "ఓ నాన్ పోతాబ్ల్" అని బోర్డుంటే మాత్రం తాగొద్దు, తాగే నీళ్ళు కాదని దాని అర్థం. మనవాళ్ళకి శ్మశానంలో నీళ్ళు పట్టుకోవడమంటే మొదట ఒళ్ళు జలదరిస్తుంది, రెండో రోజుకి దూరం నుంచి శ్మశానాల్లో పెంచే సైప్రస్ చెట్లు కనబడగానే హాయిగా అనిపిస్తుంది.

తిండి

ఊళ్ళో బేకరీ ఉందని మ్యాప్ చెప్పినా సోమవారం మూసేసి ఉండొచ్చు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత అన్నీ మూసేస్తారు. బ్యాగులో ఎప్పుడూ ఒక పూట తిండి ఉండాలి. అక్కడి బాతు మాంసం పేరుగాంచింది, శాకాహారులకి మాత్రం కాస్త పరీక్షే. "సలాడ్" అని ధైర్యంగా ఆర్డరిస్తే ఆకుల మీద బాతు కందనకాయలు వేసి తెస్తారు, ముందే అడగండి. ధైర్యంగా తినదగ్గవి రొకామదూర్ మేకపాల చీజ్, చిన్న బిళ్ళ, 35 గ్రాములు, వేడి రొట్టె మీద పెట్టి తేనె వేస్తే అంతే. ఇంకా వాల్‌నట్లు. నేను మాత్రం ఒక చిన్న డబ్బాలో ఆవకాయ మోస్తాను. బగెట్ రొట్టెలో ఆ చీజ్, ఆవకాయ కలిపి తిన్నాక ఇక వేరే ఏ శాండ్‌విచ్చూ నోటికి ఎక్కదు, ఫ్రెంచి స్నేహితులు మాత్రం దీన్ని క్షమించలేదు.

పడుకోవడం

లోయల్లోనూ లిమోన్య వైపూ ఒక గొప్ప సౌకర్యం ఉంది. స్పెయిన్‌లోని సాంతియాగోకి నడిచిపోయే యాత్రికుల దారి ఫిజాక్, కాజార్క్, లిమోన్య మీదుగా కాఓర్‌కి పోతుంది, దాని ఇంకో పాయ సెలే లోయలో పోతుంది. వాళ్ళ కోసం ఊరూరా జీత్ అనే సత్రాలున్నాయి. హాల్లో మంచం, రాత్రి భోజనం, పొద్దున్న కాఫీ రొట్టె కలిపి ఒకే రేటు, బల్ల చుట్టూ అందరూ కూర్చుని తినడం. సైకిళ్ళని కొట్టంలో పెట్టుకోనిస్తారు. మే, సెప్టెంబర్‌లలో నడిచేవాళ్ళతో నిండిపోతాయి కాబట్టి రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేయండి. ఈమెయిల్ కాదు, ఫోన్. నాలుగు ఫ్రెంచి ముక్కలతో మొదలుపెడితే మిగతాది వాళ్ళే లాక్కొస్తారు.

ఇక దారి

మొత్తం 200 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. బుధవారం మొదలుపెట్టమంటాను, ఆదివారం పొద్దున్న లిమోన్య సంతలో ఉండేలా.

మొదటి రోజు గ్రామా నుంచి రొకామదూర్ పది కిలోమీటర్లే. పొద్దున్నే వెళ్ళండి, పదిన్నర తర్వాత బస్సులు దిగుతాయి. ముందు లోస్పితాలే అనే పేట దగ్గర ఆగి ఎదురుగా చూడండి. కొండగోడకి అతికించినట్టు ఇళ్ళు, వాటి మీద గుళ్ళు, వాటి మీద కోట. యాత్రికులు 216 మెట్లు మోకాళ్ళ మీద ఎక్కి నల్ల మేరీమాతను దర్శించుకునేవారు, కొందరు ఇప్పటికీ ఎక్కుతారు. మన తిరుమల మోకాళ్ళ మిట్ట ఎక్కినవాళ్ళకి ఇది వేరే దేశం అనిపించదు. సైకిల్ పైనే తాళం వేసి నడిచి దిగండి. ఆ తర్వాత కూజూ, కార్లుసే మీదుగా లాబస్తీద్-మురాకి చిన్న రోడ్లు. ఇక్కడే మొదటిసారి నిశ్శబ్దం తెలుస్తుంది. ఈ ఊళ్ళో సత్రం నడిపే ఇంట్లో 1767లో పుట్టిన ఒక కుర్రాడు నెపోలియన్ సైన్యంలో పెరిగి నేపుల్స్‌కి రాజయ్యాడు, అతని పేరు మురా, ఊరు తర్వాత అతని పేరే పెట్టుకుంది. పదిరాక్ బిలం చూడాలనుకుంటే ముందు రోజే గ్రామా చేరి ఆ మధ్యాహ్నం చూసేయండి, ఆ రోడ్ల మీద మాత్రం బళ్ళుంటాయి.

రెండో రోజు నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, చూడాల్సిన "స్పాట్" ఒక్కటీ లేకపోయినా. లాబస్తీద్ నుంచి కనియాక్, అక్కడి నుంచి బ్రోన్య అడవి, ఎస్పెదాయాక్, లివెర్నోన్, అసియే. నలభై కిలోమీటర్లు. బ్రోన్యలో ఓక్ చెట్లు మనిషి భుజం దాకా పెరిగి ఆగిపోయినట్టుంటాయి, నేల మీద మట్టికన్నా రాయే ఎక్కువ. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కిలోమీటర్లకొద్దీ, మధ్యమధ్య పుట్టగొడుగులాంటి రాతి గుడిసెలు. ఇవన్నీ పొలంలోంచి ఏరిపారేసిన రాళ్ళే. గొర్రెల్ని చూడండి, ఒళ్ళంతా తెలుపు, చెవులు నలుపు, కళ్ళ చుట్టూ ఎవరో కాటుక దిద్దినట్టు నల్లటి వలయం. గేటు తీసి వెళ్ళాల్సి వస్తే మళ్ళీ వేయండి, ఈ ఒక్క మర్యాద తప్పితే రైతు మిమ్మల్ని క్షమించడు. రాత్రి అసియేలో ఉంటే భోజనం అయ్యాక ఊరి బయటికి నడవండి. ఈ ప్రాంతాన్ని "నల్ల త్రికోణం" అంటారు, ఫ్రాన్స్‌లో చీకటి బాగా మిగిలిన చోట్లలో ఇదొకటి, పాలపుంత స్పష్టంగా కనబడుతుంది. అసియే చర్చి గోడ చుట్టూ దేవదూతలకు బదులు ఫిరంగులు, గుళ్ళు చెక్కి ఉంటాయి, కట్టించినాయన ఫ్రాన్సువా రాజుగారి ఫిరంగిదళానికి అధిపతి మరి.

మూడో రోజు దిగడం. లివెర్నోన్ మీదుగా ఎస్పాన్యాక్‌కి. బ్రేకులు ముందే చూసుకోండి, వాలు ఒక్కసారిగా మొదలవుతుంది. కింద సెలే నది, దాని పక్కన డి41, రెండు వైపులా పసుపు రంగు కొండగోడలు. ఎస్పాన్యాక్, బ్రెంగ్, సాన్-సుల్పీస్, మార్సియాక్, ఇలా పది కిలోమీటర్లు పోకముందే ఇంకో ఊరు, కొన్ని ఇళ్ళకి వెనక గోడ కొండే. మార్సియాక్‌లో కూలిపోయిన మఠం గోడల మధ్య ఆకాశం కనబడుతుంది, అక్కడ మధ్యాహ్నం తినండి. సాయంత్రానికి కాబ్రెరే, మొత్తం 45 కిలోమీటర్లు. ఆ రోజే ఆఖరి టూరుకి పెష్ మెర్ల్ గుహ టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోండి. రోజుకి 700 మందినే లోపలికి పంపుతారు. 1922లో ఇద్దరు కుర్రాళ్ళు దూరి కనిపెట్టిన గుహ, లోపల చుక్కల గుర్రాల బొమ్మ సుమారు 29,000 ఏళ్ళ నాటిది. చెమటతో తడిసిన చొక్కాతో వెళితే వణుకు పుడుతుంది, పొడి చొక్కా ఒకటి, జాకెట్ ఒకటి తీసుకెళ్ళండి. ఊరి నుంచి గుహకి ఎక్కుడు ఉంది, బ్యాగులు సత్రంలో పడేసి వెళ్ళండి.

నాలుగో రోజు సాన్-సిర్-లాపొపీ. లోట్ నదికి వంద మీటర్ల పైన బండ అంచున నిలబడ్డ ఊరు, ఫ్రెంచి వాళ్ళు 2012లో తమకిష్టమైన ఊరుగా ఎన్నుకున్నారు, దాంతో మిగతా ప్రపంచమంతా వచ్చేసింది. కాబ్రెరే నుంచి పది కిలోమీటర్లే కాబట్టి ఏడున్నరకి బయల్దేరితే ఎనిమిదిన్నరకల్లా ఊళ్ళో పిల్లులు, మీరు తప్ప ఎవరూ ఉండరు. పదింటికల్లా ఊరు వదిలి లిమోన్య వైపు పైకి ఎక్కేయండి. ఈ ఎక్కుడే యాత్ర మొత్తంలో కష్టమైంది, సిగ్గుపడకుండా దిగి తోయండి, నేను ప్రతిసారీ తోశాను. పైకి రాగానే మళ్ళీ అదే నిశ్శబ్దం. లిమోన్యకి ఇరవై కిలోమీటర్లు.

ఐదో రోజు సంతలో చీజ్ కొనుక్కుని వరేర్, బాష్, వేలా, లాల్బెంక్ మీదుగా కాఓర్. వరేర్ తర్వాత యాత్రికుల మట్టిదారి పాత రోమన్ బాట మీదుగా పోతుంది, చెట్ల నీడ, నున్నటి నేల, వాన పడకపోతే సైకిల్ హాయిగా పోతుంది. నడిచేవాళ్ళకి దారివ్వండి, గంట కొట్టడం కన్నా "బోంజూర్" అనడం మేలు. బాష్ దగ్గర 19వ శతాబ్దంలో ఫాస్ఫేట్ కోసం తవ్విన గోతుల్లో లోపలికి దిగి చూడొచ్చు, పాతకాలపు జంతువుల ఎముకలు దొరికిన చోటది. లాల్బెంక్ శీతాకాలంలో మంగళవారాల నల్ల ట్రఫుల్ సంతకి పేరు, జూన్‌లో ఆదివారం మధ్యాహ్నం మాత్రం కుక్క కూడా మొరగదు. కాఓర్‌కి దగ్గరయ్యే ఆఖరి కొద్ది కిలోమీటర్లలో బళ్ళు మొదలవుతాయి, ఐదు రోజులుగా బళ్ళ అలవాటు తప్పి ఉంటారు కాబట్టి అక్కడ కాస్త జాగ్రత్త.

రైలుకి టైముంటే స్టేషన్ వెనక నది ఒడ్డుకి వెళ్ళండి. 1308లో మొదలుపెట్టి 1378లో పూర్తిచేసిన వలాంత్రే వంతెన, మూడు బురుజులతో, అక్కడే ఉంది. వంతెన దాటి ఎడమకి కొద్ది అడుగులు నడిస్తే కొండ మొదట్లో షార్త్రో అనే ఊట, ఆకుపచ్చ నీలం నీళ్ళు, అడుగు కనబడదు. పైన రాళ్ళలో ఇంకిపోయిన వాన కిందకు దిగి ఇలా బయటపడుతుంది, కాఓర్ ఊరు తాగేది ఈ నీళ్ళే. సీసాలు నింపుకోవడానికి అక్కడ వంగకండి, స్టేషన్ కుళాయిలో వచ్చేదీ అదే నీరు. ఆదివారం సాయంత్రం రైళ్ళలో సైకిల్ కొక్కేలు ముందే నిండుతాయి, అరగంట ముందే ప్లాట్‌ఫామ్ మీద నిలబడండి.